ఓడ వెళ్ళిపోయాక: రేవు పట్నంలో కాన్సులేట్ పని

(చెన్నై టి.నగర్‌లో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త హార్బర్ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో చాలా ఏళ్ళు వాటర్ క్లర్క్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందికి దించు బాబూ... చాలు, చాలు.

కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ ‘కాన్సులేట్లలో విశేష అనుభవం’ అన్నారు. పెద్దమనసుతో అన్న మాట, కానీ నిజం కాదు. నేను ఏ కాన్సులేట్లోనూ ఉద్యోగం చేయలేదు. వాటి గుమ్మాల దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డాను, అంతే. నిలబడ్డవాడికి కూడా కొన్ని సంగతులు తెలుస్తాయి కదా, అవే చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడున్నవాళ్ళలో కెథడ్రల్ రోడ్డు క్యూలో నిలబడ్డవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. (నవ్వులు) చూశారా, సగం హాలు. అమెరికా కాన్సులేట్ అనక్కర్లేకుండానే అర్థమైపోయింది. 2009లో హైదరాబాద్ కాన్సులేట్ వీసాలు మొదలుపెట్టేదాకా ఆంధ్రదేశం మొత్తం ఈ ఊరికే రావాలి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే దిగేవాళ్ళు. మా ఇల్లు సత్రంలా ఉండేది. ఒక్కొక్కరి చేతిలో ఇంత లావు ఫైలు. బ్యాంకు కాగితాలు, పొలం దస్తావేజులు, ఎల్ఐసీ బాండ్లు, ఒకాయనైతే పెళ్ళి ఆల్బమ్ కూడా తెచ్చాడు. ‘ఇదెందుకండీ’ అంటే ‘పెళ్ళయిందని నమ్మొద్దూ’ అన్నాడు. రాత్రంతా నిద్ర ఉండదు, టెన్షన్. తెల్లారగట్ల నాలుగింటికి మా ఆవిడ లేచి ఇడ్లీ పాత్ర పెట్టేది.

చిలుకూరు బాలాజీ గుళ్ళో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. మా తోడల్లుడి కొడుకు 11 చేసి వచ్చాడు, వీసా దొరికింది, విమానం టైమవుతోందని 108 బాకీ పెట్టి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళు దాటింది. వడ్డీ ఎంతయిందో ఆ స్వామికే తెలియాలి.

మనకు కాన్సులేట్ అంటే ఈ క్యూనే. తప్పేం లేదు. కానీ ఈ క్యూ వయసు చాలా తక్కువండీ. అమెరికా సంగతే చూడండి. కాన్సుల్ అంటే పరాయి ఊళ్ళో తన దేశం తరఫున ఉండే ప్రతినిధి. వలస వెళ్ళేవాడు తన ఊళ్ళోనే ఉన్న అమెరికా కాన్సుల్ దగ్గర వీసా తీసుకుని ఓడెక్కాలని చట్టం పెట్టింది 1924లో. 1917లోనే మనలాంటి వాళ్ళకు మూసిన తలుపుకు ఆ చట్టం గడియ కూడా పెట్టింది. మళ్ళీ 1946లో కాస్త తెరిచారు. ఎంత తెరిచారు? మొత్తం భారతదేశానికి ఏడాదికి 100 మంది. వంద! ఇవాళ ఒక్క అమీర్‌పేట నుంచి పొద్దున కాఫీ వేళకి అంతమంది బయల్దేరతారు. 1965లో ఆ కోటా పద్ధతి ఎత్తేశాకే మన పిల్లల దారి వెడల్పయింది. జెమినీ దగ్గరున్న ఆ కాన్సులేట్ కట్టడం తెరుచుకున్నది 1969లో. అప్పటికి దాని పక్కన ఫ్లైఓవర్ కూడా లేదు.

మరి వీసాలు లేని రోజుల్లో కాన్సుల్ ఏం చేసేవాడు? నేను చెప్పదల్చుకున్నది అదే. కాన్సుల్ అనేవాడు పుట్టింది ఊరు దాటి వెళ్ళేవాడి కోసం కాదు. ఊరుగాని ఊళ్ళో చిక్కుకుపోయినవాడి కోసం. అందులోనూ ముఖ్యంగా ఓడ కళాసీ కోసం.

ఇది అర్థం కావాలంటే మన మోటుపల్లికి వెళ్ళాలి. బాపట్ల జిల్లాలో, చీరాల దాటాక ఉంది. ఇప్పుడు చూస్తే చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. మార్కోపోలో రాతల్లో ‘ముత్ఫిలి’ అని ఉన్నది ఇదే. అక్కడ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది, అభయ శాసనం. ఏమిటా అభయం? అంతకుముందు రాజుల పద్ధతి ఏమిటంటే, తుపానుకు దారి తప్పి ఓడ ఒడ్డుకొచ్చిందా, పగిలిందా, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజుగారివే. వర్తకుడు ప్రాణంతో బయటపడితే అదే మహాభాగ్యం. గణపతిదేవుడు ఏమన్నాడంటే, ప్రాణం కంటే ధనం ముఖ్యమనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవాళ్ళు వీళ్ళు, వీళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం, అన్నాడు. తర్వాత కొండవీటి అనపోతారెడ్డి కూడా 1358లో అదే రేవులో మళ్ళీ ఇలాంటి హామీ శాసనమే వేయించాడు. అంటే మధ్యలో హామీ సడలిందని నా అనుమానం. హామీ గట్టిగా నిలబడి ఉంటే మళ్ళీ చెక్కించే పనేముంది?

పరాయి రేవులో దిగినవాడికి మూడు భయాలు. వస్తువు పోతుందేమో, ఒంటిమీద చెయ్యి పడుతుందేమో, తన మాట ఎవరికీ అర్థం కాదేమో. మొదటి రెండు భయాలకు రాజు మాట ఇవ్వగలడు. మూడో దానికి ఒక మనిషి కావాలి.

ఈ చెన్నపట్నం కథలో ఆ మనిషి మనవాడే. 1639 ఆగస్టు 22న ఫ్రాన్సిస్ డేకి దామర్ల వెంకటప్ప నాయకుడి తరఫున ఈ ఇసుక తీరం రాసిచ్చారని అందరికీ తెలుసు. ఆ బేరంలో అటూ ఇటూ మాట చేరవేసింది బేరి తిమ్మప్ప అనే తెలుగు దుబాసీ. ద్విభాషి అన్న మాటే వాడుకలో దుబాసీ అయింది. ఇంగ్లీషువాడికి కూలీ కావాలన్నా, బియ్యం కావాలన్నా, అప్పు కావాలన్నా దుబాసీ. తంబుచెట్టి వీధిలో మా ఆఫీసు ఉండేది. ఆ తంబుచెట్టి, పక్క వీధి లింగిచెట్టి, వీళ్ళంతా కంపెనీతో వ్యాపారం చేసిన సెట్టిగార్లే. ఆ వీధుల్లో మెట్లెక్కుతూ దిగుతూ నా మోకాళ్ళు అరిగాయి. ఇప్పటికీ క్లియరింగ్ ఏజెంట్లంతా అక్కడే. మూడు వందల ఏళ్ళ క్రితం ఆ వీధి ఏ పని చేసేదో ఇవాళా ఆ పనే చేస్తోంది. కంప్యూటర్లొచ్చాయి, అంతే తేడా.

సరే, అమెరికావాళ్ళు. వాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే ఓడలు ఇటు తిప్పారు. ఫిలడెల్ఫియా నుంచి ‘యునైటెడ్ స్టేట్స్’ అనే ఓడ 1784 డిసెంబర్లో పుదుచ్చేరి చేరింది. జార్జి వాషింగ్టన్ 1792లో బెంజమిన్ జాయ్ అనే ఆయన్ని కలకత్తాకు కాన్సుల్‌గా నియమించాడు. ఆయన 1794లో అక్కడ దిగేసరికి ఈస్టిండియా కంపెనీ ‘కాన్సుల్ గీన్సుల్ ఏమీ లేదు, కావాలంటే వర్తక ఏజెంటుగా ఉండు, మా కోర్టులకు లోబడి ఉండు’ అంది. అంటే బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు, పని మాత్రం చేసుకో అని. ఆ జాయ్‌గారే అదే ఏడు మద్రాసులో విలియం అబ్బట్‌ను కాన్సులర్ ఏజెంటుగా పెట్టాడు. ఈ అబ్బట్ తర్వాత 1797లో మద్రాసు మేయరు కూడా అయ్యాడు. ఊరి మేయరే పరాయి దేశం ఏజెంటు! ఇవాళైతే టీవీ చర్చలు పెట్టేవాళ్ళు.

నవ్వకండి, అది ఆ రోజుల్లో మామూలే. అమెరికా తన కాన్సుళ్ళలో చాలామందికి 1856 చట్టం వచ్చేదాకా జీతమే ఇవ్వలేదు. కాగితం మీద ముద్ర కొడితే వచ్చే ఫీజు, దాంతోపాటు సొంత వ్యాపారం. జీతం లేని ముద్రకి ఏ రేటు పడుతుందో రిజిస్ట్రేషన్ ఆఫీసు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఫీజుల మధ్యలోనే ఒక గొప్ప పని ఉండేది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. ఆ రోజుల్లో కొందరు ఓడ కెప్టెన్లు ఒక దుర్మార్గం చేసేవాళ్ళు. సరుకు దించేశాక కళాసీలతో పని తక్కువ, జీతం బాకీ ఎక్కువ. ఏదో వంక పెట్టి ఆ రేవులోనే దించేసి లంగరెత్తేసేవాళ్ళు. దిగినవాడికి భాష రాదు, చేతిలో డబ్బు లేదు, ఇల్లు సముద్రానికి అవతల. దీనికి అమెరికా 1803లో ఒక చట్టం చేసింది. ఓడ పరాయి రేవుకు రాగానే కెప్టెన్ తన ఓడ రిజిస్టర్ కాగితాలన్నీ కాన్సుల్ దగ్గర పెట్టాలి. పెట్టకపోతే 500 డాలర్ల జరిమానా. రేవు అధికారి క్లియరెన్స్ చూపిస్తేనే కాగితాలు తిరిగిస్తారు. కళాసీని అక్కడ వదిలేస్తే మూడు నెలల జీతం అదనంగా కాన్సుల్ చేతిలో పెట్టాలి. అందులో రెండు నెలలది కళాసీకి, ఒక నెలది ఇలా చిక్కుకున్నవాళ్ళ నిధికి. సొంత దేశానికి వెళ్ళే ఓడ దొరికితే ఆ కెప్టెన్ ఈ అనాథను ఎక్కించుకోవాల్సిందే, మనిషికి 10 డాలర్లకు మించి అడక్కూడదు. అంతకుముందు 1792 చట్టంలో తిండి ఖర్చు కూడా ఉంది. మనిషికి రోజుకు సగటున 12 సెంట్లకు మించకూడదు. చూడండి, దయ కూడా లెక్క కట్టే చేశారు. కానీ చేశారు.

కాగితాలు కాన్సుల్ బీరువాలో ఉన్నంతసేపూ కెప్టెన్ జుట్టు అతని చేతిలో ఉన్నట్టే. ఇందులో ఫిరంగి లేదు, సైన్యం లేదు. ఒక బీరువా, దానికో తాళం.

మద్రాసులో ఇది ఇంకా కష్టం. ఎందుకంటే ఇక్కడ రేవే లేదు! పేరుకు రేవు పట్నం. ఓడ ఎక్కడో లోతు నీళ్ళల్లో ఆగేది. అక్కణ్ణుంచి ఒడ్డుకు మసూలా పడవ. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన పడవ అది. మేకులు కొట్టిన పడవైతే ఈ అలల దెబ్బకు విరిగిపోయేది, కుట్టిందైతే వంగి తట్టుకునేది. అలలు మరీ ఎక్కువగా ఉంటే కట్టుమరం మనిషి ఒక్కడే వెళ్ళేవాడు. ఉత్తరాలు తడవకుండా తలమీద మొనదేలిన తాటాకు టోపీలో పెట్టుకుని ఈదేవాడు. దౌత్యపు సంచీ అంటారే, ఎవరూ తెరవకూడనిది, ఈ ఊళ్ళో దాని పాత రూపం ఆ టోపీ అనుకోవచ్చు. హార్బర్ గోడలు కట్టడం 1870ల్లో మొదలుపెడితే 1881 నవంబర్ తుపాను వచ్చి చాలావరకు పీకేసింది. మళ్ళీ కట్టారు.

ఓడల్లో ఏమొచ్చేది? అమెరికా నుంచి మంచుగడ్డ వచ్చేది. నిజంగా మంచుగడ్డే. బోస్టన్ దగ్గర చెరువుల్లో గడ్డకట్టిన నీళ్ళు కోసి, రంపపు పొట్టులో చుట్టి, నాలుగు నెలలు సముద్రం మీద తెచ్చి, మెరీనాలో దించేవాళ్ళు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే ఆయన వ్యాపారం. మీరు వివేకానందర్ ఇల్లం అని వెళ్ళి చూసొస్తారే, ఆ గుండ్రటి కట్టడం ఆ మంచు దాచడానికే 1842 ప్రాంతంలో కట్టింది. తర్వాత చేతులు మారి, 1897లో స్వామి అక్కడ బస చేశారు. మంచు పోయి ఎన్నాళ్ళయినా ఆటోవాడికి ‘ఐస్‌హౌస్’ అంటేనే దారి తెలుస్తుంది. ఇక్కణ్ణుంచి వెళ్ళింది తోళ్ళు. మేకతోళ్ళకు అమెరికాలో మంచి గిరాకీ. వెళ్ళే సరుకు ఇన్వాయిస్ మీద ఇక్కడి కాన్సుల్ ముద్ర పడితేనే అక్కడి కస్టమ్స్ ఒప్పుకునేది. అమెరికా ఇక్కడ పూర్తి స్థాయి కాన్సులేట్ పెట్టింది 1908లో. ఆఫీసు పెరిగిందంటే ముద్రలు పెరిగాయన్న మాట.

ఇక నా సంగతికి వస్తాను. నేను 1974లో వాటర్ క్లర్క్‌గా చేరాను. పేరు విని మా నాయనమ్మ ‘నీళ్ళ గుమాస్తా ఏమిట్రా, కార్పొరేషన్‌లోనా’ అంది. (నవ్వులు) ఓడ వస్తే ఏజెంటు తరఫున ముందుగా పైకి ఎక్కేవాడే వాటర్ క్లర్క్. లాంచీలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని, చంకలో ఫైలుతో ఎక్కాలి. పోర్ట్ హెల్త్‌వాళ్ళు ఒప్పుకోవాలి, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, క్రూ లిస్టు, కళాసీలు ఊళ్ళోకి దిగడానికి షోర్ పాసులు. కెప్టెన్‌కు ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు కూడా నా సంచీలోనే. ఉత్తరాల కట్ట చూశాకే మనకు టీ ఇచ్చేవాడు.

కాన్సులేట్లతో పని ఎప్పుడు పడేదంటే, ఏదో ఒకటి చెడినప్పుడే. తుపానులో ఓడ చిక్కిందనుకోండి, అడుగున ఎరువుల బస్తాలు తడిసి ఉండొచ్చు. మూత తెరిచి చూడకముందే కెప్టెన్ ‘ఇది మా తప్పు కాదు, గాలీ అలలూ చేసింది’ అని ప్రమాణ పూర్వకంగా రాసి నమోదు చేయించాలి. సీ ప్రొటెస్ట్ అంటారు. నోటరీ దగ్గరో, ఆ ఓడ జెండా ఏ దేశానిదో ఆ కాన్సుల్ దగ్గరో చేయించాలి. దిగిన 24 గంటల్లో చేయించడం వాడుక. రెండు రాత్రులు నిద్రలేని కెప్టెన్‌ని అంబాసిడర్ కార్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాణ్ణి. ఒకాయన దారిలోనే గుర్రు పెట్టాడు. లేపి సంతకం చేయించి, మళ్ళీ నిద్రపుచ్చి తీసుకొచ్చాను.

ఎవరైనా చనిపోతే అది వేరే పని. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, పోలీసు కాగితం, పాస్‌పోర్టు రద్దు ముద్ర, కాన్సులేట్ అభ్యంతరం లేదనే లేఖ. ఈ ఐదూ లేకపోతే పెట్టె విమానం ఎక్కదు. దాని గురించి ఎక్కువ చెప్పను, మధ్యాహ్నం భోజనాలున్నాయి.

అసలు చెప్పాలనుకున్నది 1979 నాటి సంగతి. ఒక యూరప్ దేశపు ఓడ. ఆ దేశం ఇవాళ ఆ పేరుతో మ్యాపులో లేదు, అందుకని పేరు చెప్పడం లేదు. అందులో ఇరవై రెండేళ్ళ కుర్రాడికి కడుపునొప్పి. ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం, అపెండిక్స్ అప్పటికే పగిలింది. ఆపరేషన్ చేశారు. మూడో రోజుకు ఓడ సరుకు దించడం అయిపోయింది. ఓడ ఆగదండీ, ఒక రోజు ఆగితే ఎంత ఖర్చో మీరు ఊహించలేరు. కెప్టెన్ మంచివాడే. ఆస్పత్రికి వచ్చి, ఆ పిల్లవాడి సంచీ మంచం కింద పెట్టి, తల నిమిరి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఓడ కదిలింది.

ఆ కుర్రాడి దగ్గర పాస్‌పోర్టు లేదు, కళాసీ పుస్తకం ఒక్కటే ఉంది. ఇంగ్లీషు రాదు. వాళ్ళ దేశానికి ఇక్కడ కాన్సులేట్ లేదు, గౌరవ కాన్సుల్ ఉన్నాడు. గౌరవ కాన్సుల్ అంటే జీతం లేనివాడు, ఇక్కడి వ్యాపారస్తుడే. అబ్బట్ వంశం అన్నమాట. మౌంట్ రోడ్డులో పై అంతస్తులో ఆఫీసు, గోడమీద ఆ దేశం ముద్ర, కింద పంపుసెట్ల క్యాటలాగులు. ఆయన పెద్దమనిషి, ఒకసారి వచ్చి యాపిల్ పళ్ళిచ్చి వెళ్ళాడు. పనంతా చేసింది ఆయన దగ్గరి టైపిస్టు. తమిళాయన, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి. ఢిల్లీలోని వాళ్ళ రాయబార కార్యాలయానికి టెలెక్స్ కొట్టించడం, జవాబు రాకపోతే మళ్ళీ కొట్టించడం, ఇమ్మిగ్రేషన్‌కు మా ఏజెన్సీ తరఫున పూచీకత్తు, ఓడల బీమా చూసే పీ అండ్ ఐ క్లబ్ మనిషి దగ్గర టిక్కెట్టు డబ్బు, అన్నీ ఆయనా నేనూ తిరిగాం. ప్రయాణ పత్రం ఇచ్చే అధికారం గౌరవ కాన్సుల్‌కు లేదు, ఢిల్లీనుంచే రావాలి. రిజిస్టర్డ్ పోస్టులో రావడానికి పదహారు రోజులు పట్టింది.

ఆ పదహారు రోజులూ అతనికి మాట్లాడే మనిషి లేడు. నేను బొమ్మలు గీసేవాణ్ణి. నొప్పి ఉందా అంటే ఏడుపు మొహం, ఆకలా అంటే కంచం. అతను ఒకరోజు నా పెన్ను లాక్కుని ఓ ఇల్లు గీసి, పక్కన ఒక ముసలామెను గీశాడు. నాకు అర్థమైంది, కానీ ఏం చెప్పను? చివరికి కస్తూరి రంగా రోడ్డులో సోవియట్ సాంస్కృతిక కేంద్రం ఉంది కదా, అక్కడ రష్యన్ నేర్చుకునే మన ఒంగోలు పిల్లవాడొకడు దొరికాడు. మాస్కోలో డాక్టరీ చదవాలని అతని ఆశ. ఇద్దరి భాషలూ ఒకటి కాదు, కానీ మనకూ కన్నడానికీ ఉన్నంత పోలిక ఉందేమో, నాలుగు మాటలు కలిశాయి. ఆ కుర్రాడు లేచి కూర్చుని గంటసేపు ఆపకుండా మాట్లాడాడు. మన ఒంగోలు పిల్లవాడికి పదోవంతు అర్థమైందట. ‘ఏమంటాడు’ అని నేనడిగితే, ‘అన్నా, వాళ్ళమ్మకు చెప్పారా అంటున్నాడు’ అన్నాడు. చెప్పలేదు. ఢిల్లీకి చెప్పాం, క్లబ్బుకు చెప్పాం, ఇమ్మిగ్రేషన్‌కు మూడు కాపీలు ఇచ్చాం. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రమే టైపిస్టుగారు ఇంకో టెలెక్స్ కొట్టించారు.

ప్రయాణ పత్రానికి ఫోటో కావాలి. ఆస్పత్రి గౌనుతో దిగితే బాగుండదని నా చొక్కా తొడిగాను. ఫోటో స్టూడియో అతన్ని ఆస్పత్రిలోనే తెల్లదుప్పటి ముందు కూర్చోబెట్టి తీసింది.

ఇలాంటివి ఇప్పుడు తగ్గాయి. దానికో కారణం ఉంది. 1983లో మన హార్బర్లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. అంతకుముందు బస్తాల ఓడ రెండు మూడు వారాలు బెర్త్‌లో ఉండేది. కళాసీలు ఊరంతా తిరిగేవాళ్ళు, బర్మా బజార్లో బేరాలు, దెబ్బలాటలు, ప్రేమలు కూడా. కంటైనర్ ఓడ ఒక రోజులో వచ్చి వెళ్తుంది. దిగేదెవరు, తప్పిపోయేదెవరు? కాన్సులేట్ల పని హార్బర్ నుంచి శ్రీపెరుంబుదూరు వైపు జరిగింది. కొరియా కార్ల ఫ్యాక్టరీ, జపాన్ కంపెనీలు, వాళ్ళ పిల్లల జనన నమోదులు, పాస్‌పోర్టు రెన్యువల్స్.

అయినా పాత పని చావలేదు. 2013 అక్టోబర్లో తూత్తుకుడి దగ్గర పట్టుకున్న ‘సీమన్ గార్డ్ ఒహాయో’ గుర్తుందా? సముద్రపు దొంగల నుంచి వాణిజ్య ఓడలను కాపాడే సాయుధ గార్డుల ఓడ. జెండా సియెర్రా లియోన్‌ది, నడిపింది అమెరికా కంపెనీ. అందులో 35 మంది. 14 మంది ఎస్టోనియావాళ్ళు, 12 మంది మనవాళ్ళు, 6 మంది బ్రిటన్‌వాళ్ళు, 3 ఉక్రెయిన్‌వాళ్ళు. ఇప్పుడు చెప్పండి, ఈ ఓడ ఎవరిది? ఎవరి కాన్సుల్ పరుగెత్తాలి? జెండా దేశం ఒకటి, యజమాని దేశం ఇంకొకటి, మనుషుల దేశాలు నాలుగు. ఆయుధాల కేసులో 2016 జనవరిలో ఐదేళ్ళ శిక్ష పడింది. బ్రిటన్‌వాళ్ళు చెన్నై పుళల్ జైల్లో గడిపారు. 2017 నవంబర్లో హైకోర్టు మదురై బెంచి అందరినీ నిర్దోషులని వదిలేసింది.

అంతకాలం కాన్సుల్ ఏం చేయగలడు? చాలామంది అనుకుంటారు, కాన్సుల్ ఫోన్ చేస్తే జైలు తలుపు తెరుచుకుంటుందని. తెరుచుకోదు. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఏం చెబుతుందంటే, విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే ‘మీ కాన్సులేట్‌కు చెప్పమంటారా’ అని అతన్ని అడగాలి. అడిగితే ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సుల్ వెళ్ళి చూడొచ్చు, మాట్లాడొచ్చు, లాయర్‌ని ఏర్పాటు చేయొచ్చు. బెయిల్ డబ్బు కట్టాల్సిన పనిలేదు, కోర్టుకు చెప్పే అధికారం అసలే లేదు. గూఢచారి అని పాకిస్తాన్ అరెస్టు చేసిన కుల్‌భూషణ్ జాధవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ను తప్పుపట్టింది ఈ 36 మీదే. మనవాణ్ణి మన కాన్సుల్ చూడనివ్వలేదని.

ఇంకో అపోహ. కాన్సులేట్ గేటు దాటితే అమెరికా గడ్డ మీద ఉన్నట్టే అంటారు. కాదు. అది కెథడ్రల్ రోడ్డే, తమిళనాడే. ఆఫీసు పని జరిగే చోటికి మన పోలీసులు వాళ్ళ అనుమతి లేకుండా వెళ్ళకూడదు, అంతే. నిప్పంటుకుంటే ఆ అనుమతి ఉన్నట్టే లెక్క.

ఇదంతా వాళ్ళ సంగతి అనుకోకండి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళను అడగండి కాన్సులేట్ అంటే ఏమిటో. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. పారిపోయి మన ఎంబసీకి చేరితే ఒక తెల్ల కాగితం ఇస్తారు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్. వాళ్ళు ఔట్‌పాస్ అంటారు. ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. టిక్కెట్టుకు, శవం పంపడానికి డబ్బు లేకపోతే 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది. 1803 నాటి ఆ నిధి సంగతి ఇందాక చెప్పానే, దానికి ఇది మనవరాలు. అక్కడ కౌంటర్లో తెలుగు తెలిసినవాడు ఒక్కడుంటే వాళ్ళకు ఎంత ధైర్యమో. ఉండడు, చాలాసార్లు. ఎవరో హైదరాబాదీ డ్రైవర్ వచ్చి ఉర్దూలోకి మార్చి చెబుతాడు.

నా టైమైపోయిందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ఒక శ్రోత: బెంగళూరులో కూడా అమెరికా కాన్సులేట్ వచ్చిందిగా, ఇక మన దగ్గర క్యూ తగ్గుతుందా అండీ?

2025 జనవరిలో ప్రారంభించారు. మొదట్లో అక్కడ వీసా పని పెట్టలేదు. వస్తే తగ్గొచ్చు. మా ఇంట్లో ఇడ్లీ పాత్ర మాత్రం హైదరాబాద్ కాన్సులేట్ వచ్చిన రోజే అటక ఎక్కింది.

ఇంకొక శ్రోత: ఆ కుర్రాడి దగ్గర్నుంచి ఎప్పుడైనా ఉత్తరం వచ్చిందా మాస్టారూ?

నాకు రాలేదు. టైపిస్టుగారికి ఒక కార్డు వచ్చింది, సముద్రం బొమ్మ. వెనకాల ఉన్నది మా ఇద్దరికీ చదవడం రాలేదు. ఒంగోలు పిల్లవాడు అప్పటికే మాస్కో వెళ్ళిపోయాడు. ప్రయాణ పత్రం కాపీ మాత్రం నా దగ్గరుంది, ఇదిగో తెచ్చాను. ముందు వరుస నుంచి పంపిస్తాను, కాఫీ చేతులతో పట్టుకోకండి. ఫోటో కాస్త వెలిసింది. ముద్ర చూడండి, ఎంత స్పష్టంగా ఉందో.

ఒక మహిళ: అయ్యో, చొక్కా చాలా బాగుందండీ. తిరిగిచ్చాడా?

అది నా పెళ్ళి చొక్కా అమ్మా. బొంబాయి విమానం ఎక్కింది. మా ఆవిడ వెనక వరుసలోనే ఉంది, ఆమె ముందు అడక్కండి. (నవ్వులు)